చాటున చెప్పవలసిన మాట



తప్పిపోయినవానికి తప్పు చెప్పవలెనా, వద్దా? ఈ ప్రశ్నకు జవాబు సులువే. చెప్పవలెను. తోటివాడు గోతిలో పడబోవుచుండగా చూచి ఊరకుండుట ప్రేమ కాదు. అయితే ఎక్కడ చెప్పవలెను? పదిమంది యెదుటనా, ఒంటరిగానా? ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె కష్టమైనది. ఇంట తండ్రికిని, బడిలో ఉపాధ్యాయునికిని, సంఘములో కాపరికిని పెద్దలకును ఇది దినదినము ఎదురగుచున్నది. మాట ఒక్కటే అయినను, పలికిన చోటునుబట్టి అది ఒకప్పుడు మందగును, ఒకప్పుడు గాయమగును.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు, పందెపు రంగములో పరుగెత్తువారిని చూపి విశ్వాస జీవితమును బోధించెను. ఆయన అడుగుజాడలలో మనమును నేడు ఆటలరంగమునుండియే ఒక పాఠము నేర్చుకొందము. జీతము పుచ్చుకొని ఆడు జట్లలో కోచ్ అని పిలువబడు శిక్షకుడుండును. ఆటగాని తప్పులు కనిపెట్టి దిద్దుటయే అతని పని. మన తప్పులు మన వీధివారికి మాత్రమే తెలియును. ఆ ఆటగాని తప్పులనైతే లక్షలాది జనులు టెలివిజనులో చూతురు. ఓడిన దినమున విలేఖరులు శిక్షకుని చుట్టు మూగి, ఎవరివలన ఓడితిరని అడుగుదురు. అప్పుడు అతడు ఏమి చెప్పును? అక్కడనే అతని హృదయము పరీక్షింపబడును.

అమెరికా దేశములో బాస్కెట్‌బాల్ ఆటకు గొప్ప పేరు కలదు. 2021వ సంవత్సరము జూన్ 20వ తేదీన ఫిలడెల్ఫియా జట్టు అట్లాంటా జట్టుతో ఏడవ ఆట ఆడి ఓడిపోయెను. దానితో ఆ యేటి పోటీలలో వారి ఆశ తీరిపోయెను. ఆ జట్టులో బెన్ సిమన్స్ అను 24 ఏండ్ల ఆటగాడుండెను. ఎవరును అడ్డురాకుండ నిలువబడి బుట్టలోనికి వేయు బంతులను, ఆ ఏడు ఆటలలో అతడు 45 సారులు వేసి 15 మాత్రమే సాధించెను. ఆట ముగిసిన పిమ్మట విలేఖరులు శిక్షకుడైన డాక్ రివర్స్‌ను చూచి, విజేతలు కాగోరు జట్టుకు ఈ ఆటగాడు ముందుండి నడిపించువాడు కాగలడా అని అడిగిరి. ఆ ప్రశ్నకు తన యొద్ద ఇప్పుడు జవాబు లేదను భావముతో ఆయన బదులు పలికెను.

ఆ సంవత్సరమంతయు ఆ యౌవనస్థుని సమర్థించుచు వచ్చినవాడు ఈ శిక్షకుడే. అయినను ఓడిన రాత్రి పలికిన ఆ ఒక్క మాట దేశమంతట మారుమ్రోగెను. సిమన్స్ తన్ను వేరొక జట్టుకు పంపుమని కోరెను. ఆ తరువాత ఆ జట్టు పక్షముగా మరియొక ఆట ఆడనేలేదు. 2022 ఫిబ్రవరిలో అతనిని బ్రూక్లిన్ జట్టుకు పంపివేసిరి. తప్పంతయు శిక్షకునిదే యనుట న్యాయము కాదు. ఆటగాని బలహీనత నిజమైనదే, దానిని గూర్చి అతనితో మాటలాడవలసినదే. అయితే ఆ మాటకు తగిన చోటు విలేఖరుల గది కాదు.

ఏలయనగా, ఒంటరిగా ఉన్న మనుష్యుడు తప్పు ఒప్పుకొనగలడు. నాకు భయముగా ఉన్నది, చేయి వణకుచున్నది, సహాయము చేయుమని చెప్పగలడు. కన్నీరు విడువగలడు. ఎదురు ప్రశ్న వేయగలడు. పదిమందిలో నిలువబెట్టబడినవాడు వీటిలో ఏదియు చేయజాలడు. అతనికి మిగిలినది తన ముఖము కాపాడుకొనుటయే. తప్పును గూర్చి ఆలోచింపవలసిన సమయమున అతడు అవమానమును గూర్చి ఆలోచించుచుండును. మనము అతని మనస్సాక్షితో మాటలాడితిమనుకొందుము గాని, అతని చెవికి వినబడినది మనుష్యుల నవ్వు మాత్రమే.

గద్దించువాని హృదయమునకును అపాయము కలదు. పదిమంది వినుచుండగా పలుకువాడు ఒక కన్ను తప్పిపోయినవానిమీదను, ఒక కన్ను వినువారిమీదను ఉంచును. "చూడుడి, తప్పు నాది కాదు, వీనిది" అని చూపుకొనవలెనను కోరిక మెల్లగా లోపల ప్రవేశించును. అప్పటినుండి ఆ మాట తప్పిపోయినవాని మేలుకొరకు కాక పలుకువాని గౌరవముకొరకు పనిచేయును.

మన దేశములోను ఇట్టిది జరిగినది. 2005 మే నెలలో ఆస్ట్రేలియా దేశస్థుడైన గ్రెగ్ చాపెల్ భారత క్రికెట్టు జట్టుకు శిక్షకుడుగా నియమింపబడెను. ఆ సెప్టెంబరులో జట్టు జింబాబ్వే దేశమునకు వెళ్లియుండగా, నాయకత్వము విడిచిపెట్టుట మంచిదని అతడు నాయకుడైన సౌరవ్ గంగూలీకి సలహా చెప్పెను. అది వారిద్దరి మధ్య ఉండవలసిన మాట. అయితే బులవాయో పట్టణములో 101 పరుగులు చేసిన పిమ్మట గంగూలీ ఆ సంగతి విలేఖరులకు తెలియజేసెను. చాపెల్ నాయకుని లోపములను వివరించి క్రికెట్టు బోర్డువారికి ఉత్తరము పంపెను. ఆ రహస్యపు ఉత్తరము పత్రికలకెక్కెను. దేశమంతయు రెండు పక్షములై వాదించుకొనెను. గంగూలీ నాయకత్వమును, తరువాత జట్టులో స్థానమును పోగొట్టుకొనెను.

కథ అంతటితో ముగియలేదు. 2006 డిసెంబరులో గంగూలీ తిరిగి జట్టులోనికి వచ్చెను. 2007లో వెస్టిండీస్ దీవులలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో మన జట్టు తొలి దశలోనే వెలుపలికి వచ్చెను. ఆ ఏప్రిలులో చాపెల్ తన పని విడిచి వెళ్లెను. ఆ దినములలోనే, శిక్షకుడు తమ మనోవైఖరిని శంకించుట తన్ను మిక్కిలి బాధించెనని సచిన్ తెందూల్కర్ పత్రికవారితో చెప్పెను. అదే 2007 డిసెంబరులో గంగూలీ బెంగుళూరులో పాకిస్తానుమీద 239 పరుగులు చేసెను. మన హైదరాబాదువాడైన లక్ష్మణ్ కూడ 2018లో ప్రచురించిన తన జీవితకథలో ఆ కాలమును గూర్చి నొప్పితో వ్రాసెను. పదమూడేండ్లు గడిచినను ఆ గాయము మానలేదన్నమాట.

వీరిలో ఎవరిది న్యాయమో తీర్పు తీర్చుట మన పని కాదు. మనము గమనింపవలసిన సంగతి ఒక్కటి కలదు. చాటున చెప్పిన మాటను చాటుననే ఉంచుట చెప్పినవాని బాధ్యత మాత్రమే కాదు, విన్నవాని బాధ్యత కూడ. ఒకడు నన్ను ప్రేమించి ఒంటరిగా నా తప్పు చెప్పగా, నేను వెంటనే వీధిలోనికి పోయి అతడు నన్ను ఇట్లనెనని చాటినయెడల, మరుసటిసారి నాకు బుద్ధి చెప్పువాడెవడు?

మన ప్రభువు ఈ క్రమమును స్పష్టముగా నియమించియున్నాడు. మత్తయి సువార్త 18వ అధ్యాయము తెరచి చూడుడి. సహోదరుడు తప్పిదము చేసినయెడల మొదట నీవును అతడును మాత్రమే ఉండి మాటలాడవలెను. అతడు విననియెడల ఒకరిద్దరిని తోడు తీసికొని పోవలెను. అప్పటికిని విననియెడల సంఘమునకు తెలుపవలెను. మూడు మెట్లున్నవి. మనమైతే సాధారణముగా మూడవ మెట్టునుండి ఆరంభింతుము. మొదట ఊరికి తెలియును, తరువాత పెద్దలకు తెలియును, కట్టకడపట ఆ మనుష్యునికి తెలియును. ఆ మొదటి మెట్టుయొక్క ఉద్దేశమేమి? సహోదరుని తిరిగి సంపాదించుకొనుటయేనని ప్రభువు చెప్పెను. వాదము గెలుచుట కాదు, సహోదరుని గెలుచుకొనుట.

యోసేపును జ్ఞాపకము చేసికొనుడి. తన్ను అమ్మివేసిన అన్నలు ఐగుప్తులో అతని యెదుట వణకుచు నిలిచిరి. అతడు అధికారి, కావలెనంటే ఫరో ఇంటివారందరి యెదుట వారి పాపమును చదివి వినిపింపగలడు. అయితే తన్ను తాను బయలుపరచుకొనకముందు అతడు అందరిని బయటికి పంపివేసెను. నీవు నన్ను అమ్మితివను మాట పరాయి చెవులలో పడలేదు. అతని ఏడ్పు మాత్రము బయటికి వినబడెను.

అయితే తలుపు మూసినంతమాత్రముచేత గద్దింపు పరిశుద్ధమగునా? కాదు. ఇంగ్లాండు దేశములో మాంచెస్టర్ యునైటెడ్ అను ఫుట్‌బాల్ జట్టుకు అనేక సంవత్సరములు శిక్షకుడుగా ఉండిన అలెక్స్ ఫెర్గూసన్, తన ఆటగాండ్రను పత్రికల యెదుట నిందింపడని పేరుపొందెను. అది మంచి నియమమే. అయితే 2003 ఫిబ్రవరి 15వ తేదీన తన జట్టు ఓడినప్పుడు, బట్టలు మార్చుకొను గదిలో ఆయన కోపముతో నేలనున్న ఒక బూటును తన్నెను. అది పోయి డేవిడ్ బెక్‌హామ్ అను ఆటగాని కంటిపైభాగమున తగిలి గాయమయ్యెను. కావలెనని కొట్టలేదు, నిజమే. అయినను ఆ గాయపు చిత్రము పత్రికలన్నిటిలో వచ్చెను. ఆ వేసవిలోనే బెక్‌హామ్ ఆ జట్టును విడిచి స్పెయిను దేశపు జట్టుకు వెళ్లెను. మూసిన తలుపు మన కోపమునకు మరుగు కాకూడదు. వీధిలో నెమ్మదిగా మాటలాడి, ఇంట తలుపు వేసికొని భార్యను పిల్లలను మాటలతో నలుగగొట్టు మనుష్యుడు పరువు కాపాడినవాడు కాడు. తన పరువును మాత్రము కాపాడుకొనినవాడు.

మరియొక సంగతి కలదు. కొందరు శిక్షకులు అందరు వినుచుండగానే ఆటగాండ్రను దిద్దుదురు, అయినను ఎవరును అవమానము పొందరు. ఇది ఎట్లు? అమెరికాలో జాన్ వుడెన్ అను భక్తిపరుడైన శిక్షకుడుండెను. ఆయన జీతపు జట్టుకు కాక, లాస్ ఏంజిలీసు నగరములోని విశ్వవిద్యాలయపు జట్టుకు బాస్కెట్‌బాల్ నేర్పెను. 1964 మొదలుకొని 1975 వరకు 12 సంవత్సరములలో ఆ జట్టు 10 సారులు దేశపు విజేతగా నిలిచెను. 1974-75లో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఆయన అభ్యాసములను ప్రక్కన కూర్చుండి చూచి, ఆయన పలికిన ప్రతి మాటను లెక్కించిరి. పొగడ్తలును తక్కువే, తిట్లును తక్కువే. ఎక్కువ భాగము ఇది ఇట్లు చేయుమను బోధయే. ఎవడైన తప్పు చేసినయెడల ఆయన ఆట ఆపి, సరియైన విధము చేసి చూపి, అతడు చేసిన తప్పు విధమును చూపి, మరల సరియైన విధమును చూపెడివాడు. క్షణములలో అది ముగిసి ఆట సాగెడిది.

ఇందులో ఒక భేదము కలదు. వుడెన్ దిద్దినది పనిని. నీవు పనికిరానివాడవని మనుష్యునిమీద తీర్పు చెప్పలేదు. నాట్లు వేయునప్పుడు ఒకరి వరుస వంకరయైనయెడల, ప్రక్కనున్నవారు "ఇటు జరుపుము" అందురు, ఎవరును సిగ్గుపడరు. పాటల అభ్యాసములో ఒకరి రాగము తప్పినయెడల నడిపించువాడు మరల పాడి వినిపించును. పనిని దిద్దు మాట పదిమందిలో చెల్లును. మనుష్యుని తూచు మాట, అతని గుణమును, యోగ్యతను, గడచిన జీవితమును ఎత్తు మాట, ఒంటరి చోటునే చెప్పదగినది. మన తెలుగులో శిక్ష, శిక్షణ అను రెండు మాటలును ఒక్క వేరునుండియే పుట్టినవి. శిక్షణలేని శిక్ష గాయము మాత్రమే చేయును.

ఇప్పుడు మీలో ఒకరు ఇట్లడుగవచ్చును: అన్ని తప్పులను చాటుననే ఉంచవలెనా? అట్లయిన దుష్టునికి అది మరుగు కాదా?

ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి ఆటలరంగమే భయంకరమైన జవాబు ఇచ్చినది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టుకు వైద్యుడైన ల్యారీ నాసర్ అనువాడు, వైద్యము పేరట అనేక సంవత్సరములు బాలికలను చెరిపెను. కొందరు బాలికలు పెద్దలకు చెప్పిరి. సంస్థ పరువు పోవునని, మంచి వైద్యుడని, ఆ ఫిర్యాదులను అణచివేసిరి. 2016 సెప్టెంబరులో రేచల్ డెన్‌హాలండర్ అను క్రైస్తవ స్త్రీ తన పేరును ముఖమును దాచుకొనక పత్రికలో ఆ సంగతి బయలుపరచెను. 2018 జనవరిలో మిచిగన్ రాష్ట్రపు న్యాయస్థానములో 150 మందికి మించిన స్త్రీలు సాక్ష్యము పలికిరి. న్యాయాధిపతి అతనికి 40 మొదలుకొని 175 సంవత్సరముల చెరసాల విధించెను. ఆ దినమున రేచల్ దేవుని న్యాయమును గూర్చియు క్షమాపణను గూర్చియు, రెంటిని గూర్చియు, ఆ మనుష్యుని యెదుటనే పలికెను.

అట్టి దానిని చాటున మాటలాడి సరిపెట్టుకొందమనుట ప్రేమ కాదు, పాపములో పాలు. బలహీనుని నలుగగొట్టు పాపము ఎంత మాత్రము ఒకని సొంత సంగతి కాదు. అది మన సంఘములో జరిగినను, పెద్దవాడే చేసినను, చిన్నబిడ్డ వచ్చి చెప్పినప్పుడు "ఊరుకొనుము, సంఘము పేరు పోవును" అనువాడు ప్రభువునకు లెక్క చెప్పవలసియుండును. అధికారులకు తెలుపవలసినది అధికారులకు తెలుపవలెను.

అంతియొకయలో పౌలు చేసినదియు ఇట్టిదే. పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండి, యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి వెనుకకు తగ్గెను. అది అందరి యెదుట జరిగిన తప్పు. అతనిని చూచి ఇతరులును తొలగిపోయిరి. అన్యజనులైన విశ్వాసులు పంక్తిలోనుండి త్రోసివేయబడినవారైరి. గనుక పౌలు అందరి యెదుటనే అతనిని నిలదీసెను. అదే సమయమున ఎఫెసులో అపొల్లో సంగతియు చూడుడి. అతడు వాక్చాతుర్యము గలవాడు గాని అతని బోధలో కొంత కొరత యుండెను. అతడు ఎవరికిని కీడు చేయలేదు. నేర్చుకొనవలసినది మిగిలియుండెను, అంతే. ప్రిస్కిల్లయు అకులయు సమాజమందిరములో లేచి అతనిని ఆపలేదు. తమ యొద్దకు చేర్చుకొని వివరించిరి. ఒకే సువార్త, రెండు విధములు. తప్పువలన ఎవరు నష్టపోవుచున్నారో చూచి ఆ పరిశుద్ధులు చోటును ఏర్పరచుకొనిరి.

ప్రియులారా, ఈ మాటలను మన యిండ్లలోనికి తెచ్చుకొందము. బిడ్డకు మార్కులు తగ్గినప్పుడు చుట్టములందరు కూర్చున్న వేళ ఆ కాగితము బయటికి తీయుచున్నామా? క్రొత్తగా వచ్చిన కోడలి వంటలో ఉప్పు ఎక్కువైనదని పంక్తిలో అనుచున్నామా? కాపరులారా, ఒకనితో ఒంటరిగా మాటలాడు ధైర్యము లేక, పేరు చెప్పకుండ బల్లమీదనుండి గుచ్చుచున్నామా? ఊరిలో ప్రతివానికి అది ఎవరిని గూర్చియో తెలియును. ప్రార్థన కూటములో కన్నులు మూసికొని, ఫలాని యింటివారి మనస్సు మార్చుము ప్రభువా అని బిగ్గరగా పలుకుట దేవునితో మాటలాడుటయా, పొరుగువారితో మాటలాడుటయా? నేడు చేతిలో ఫోను ఉన్నది. సంఘపు వాట్సాప్ గ్రూపులో వ్రాసిన ఒక్క పంక్తి రాత్రి తెల్లవారకముందే మూడు మండలములు తిరిగివచ్చును.

ఇంకొక మోసమును గూర్చియు జాగ్రత్తపడుదము. చాటున చెప్పుమనగా ఆ మనుష్యుని యొద్ద చాటున చెప్పుమని భావము. అతని వెనుక చాటున చెప్పుమని కాదు. అతనికి తెలియకుండ నలుగురికి మెల్లగా చెప్పుట గుసగుస. దానిని లేఖనము ఎక్కడను మెచ్చుకొనలేదు.

కాబట్టి నోరు తెరువకమునుపు మనలను మనము మూడు ప్రశ్నలు అడుగుకొందము. ఈ మాటవలన బాగుపడవలసినవాడు ఎవడు, అతడా, నేనా? అతనితో ఒంటరిగా మాటలాడి ముగించితినా? నేను ఊరకుండినయెడల బలహీనుడెవడైన నష్టపోవునా? మూడవదానికి అవునని జవాబు వచ్చినయెడల వెలుగులో ధైర్యముగా మాటలాడుడి. కాదని వచ్చినయెడల లేచి, సాయంకాలము ఆ సహోదరుని యింటికి నడచి వెళ్లుడి.

ఈ విషయములో మన ప్రభువు పేతురుపట్ల నడుచుకొనిన విధము నా మనస్సును ఎల్లప్పుడు కరిగించును. ప్రధానయాజకుని యింట పేతురు మూడు మారులు ఎరుగనని బొంకెను. ప్రభువు తిరిగి అతని వైపు చూచెను, అంతే. ముంగిటనున్న వారికెవరికిని ఆ చూపు అర్థము తెలియలేదు. పేతురు మాత్రము బయటికి పోయి ఏడ్చెను. పునరుత్థానుడైన తరువాత ప్రభువు సీమోనుకు కనబడెనని లూకా వ్రాసెను, పౌలును వ్రాసెను. అయితే ఆ మొదటి కలయికలో ప్రభువు అతనితో ఏమి పలికెనో నాలుగు సువార్తలలో ఎక్కడను వ్రాయబడలేదు. బొంకిన శిష్యునికిని అతని రక్షకునికిని మధ్య జరిగిన ఆ సంభాషణను పరిశుద్ధాత్మ దేవుడు మనకు చూపలేదు. తరువాత గలిలయ సముద్రపు ఒడ్డున, తోటి శిష్యులుండగా, ప్రభువు అతనికి తన గొఱ్ఱెలను అప్పగించెను. గాయము కట్టినది ఒంటరిగా, గౌరవము తిరిగి ఇచ్చినది పదిమందిలో.

మనమైతే దీనిని తలక్రిందులు చేయుచున్నాము. తప్పును పదిమందిలో చెప్పి, క్షమాపణను చెవిలో చెప్పుచున్నాము. ఈ వారమున మీరు బుద్ధి చెప్పవలసిన మనుష్యుడు ఒకడు మీ మనస్సుకు వచ్చియుండవచ్చును. అతని యొద్దకు ఒంటరిగా వెళ్లుడి. అతడు మారినప్పుడు, ఆ సంతోషమును అందరి యెదుట చెప్పుడి.

ప్రభువా, మా తప్పులను ఊరికి చాటక, మా గదిలోనికి వచ్చి మాతో మాటలాడిన నీ దయకొరకు వందనములు. అదే దయను మా నాలుకకు నేర్పుము. బలహీనుల పక్షమున పలుకుటకు ధైర్యమును, సహోదరుని సిగ్గును కప్పుటకు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.